విశ్వవిద్యాలయంలో ఉండగానే కథ, కవిత రాయడం నేర్చుకోవాలంటే

తెలుగు ఎం.ఏ.లో చేరితే రాయడం వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. మొదటి సెమిస్టర్‌లోనే అసలు సంగతి తెలుస్తుంది. అక్కడ చెప్పేది సాహిత్య చరిత్ర, వ్యాకరణం, ఛందస్సు, అలంకారశాస్త్రం, భాషాశాస్త్రం, విమర్శ. నన్నయ నుంచి నేటిదాకా ఎవరేం రాశారో చెబుతారు. మీరు రాసిన కథ మూడో పేజీలో ఎందుకు చతికిలబడిందో చెప్పే పీరియడ్ మాత్రం చాలాచోట్ల టైంటేబుల్‌లో ఉండదు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం 1936లోనే రచన నేర్పడానికి విడిగా వర్క్‌షాప్ పెట్టింది. ఇంగ్లండ్‌లో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం 1970లో ఇలాంటి ఎం.ఏ. మొదలుపెట్టింది. మన దేశంలో ఇగ్నో ఇంగ్లిష్ రచనకు డిప్లొమా ఇస్తోంది. తెలుగులో రాయాలనుకునే విద్యార్థి మాత్రం చాలావరకు తన కోర్సును తానే కూర్చుకోవాలి.

కూర్చుకోవచ్చు కూడా. అందుకు కావలసినవన్నీ క్యాంపస్‌లో ఉన్నాయి: లైబ్రరీ, కాస్త తీరిక, అడిగితే చెప్పే మాస్టార్లు. వీటన్నిటికంటే ముఖ్యం, రకరకాల జిల్లాల నుంచి వచ్చిన మీ ఈడువాళ్ళు. రాసేది ఒక్కరే కూర్చుని అయినా, నేర్చుకునేది మాత్రం మన రాతను ఇంకొకరు చదువుతున్నప్పుడే. మొహమాటం లేకుండా చదివి పెట్టే నలుగురైదుగురు ఒకే ప్రాంగణంలో, రోజూ కనిపించే దూరంలో ఉండటం ఆ రెండు మూడేళ్ళే. ఉద్యోగంలో పడ్డాక అలాంటివాళ్ళను వెతుక్కోవాలి. అందుకే కింద చెప్పే పనులన్నీ చివరికి ఆ నలుగురి చుట్టూ తిరుగుతాయి. మీరు తెలుగు శాఖలోనే ఉండాలనేమీ లేదు. ఫిజిక్స్ చదువుతున్నా, ఇంజనీరింగ్ చదువుతున్నా ఇవన్నీ చేయవచ్చు.

ముందు ఒక వేళ, ఒక నోటుబుక్కు

మూడ్ వచ్చినప్పుడు రాద్దామనుకుంటే సెమిస్టర్‌కొక కవిత తయారవుతుంది, అదీ ఫ్రెషర్స్ డే కోసం. రోజూ ఒకే వేళకు కూర్చోండి. హాస్టల్లో ఉంటే పొద్దున్నే, మెస్‌లో టిఫిన్ పెట్టకముందు, ఒక గంట ఎవరూ కదిలించకుండా దొరుకుతుంది. ఇంటి నుంచి వచ్చేవాళ్ళకు లైబ్రరీ రీడింగ్ రూమ్ మంచి చోటు. ఫోన్ బ్యాగులో పెట్టేయండి. మొదటి రెండు నెలలు కథ, కవిత అని పేర్లు పెట్టుకోకుండా, నిన్న చూసిందీ విన్నదీ ఒక పేజీ రాయండి.

ఆ పేజీలో మీ అభిప్రాయం రాకూడదు, నియమం అదొక్కటే. “బస్సులో పాపం ఒక ముసలామె కనిపించింది, చాలా జాలేసింది” అని రాస్తే అందులో చూసింది ఏమీ లేదు. కండక్టర్ అడిగినప్పుడు ఆధార్ కార్డు ఎక్కడినుంచి తీసింది? అతన్ని నాయనా అన్నదా, బిడ్డా అన్నదా, బాబూ అన్నదా? మూట ఒళ్ళో పెట్టుకుందా, కాళ్ళ మధ్య పెట్టుకుందా? దిగేటప్పుడు ఎవరి భుజం పట్టుకుంది? ఇవి రాయండి. జాలి పడే పని చదివేవాళ్ళకు వదిలేయండి.

నోటుబుక్కు వెనకవైపు నుంచి మాటలు రాసుకుంటూ రండి. మీ ఇంట్లో మగ్గం ఉంటే పడుగు, పేక, ఆసు, నాడె లాంటి మాటలు మీకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. క్యాంపస్‌కు వచ్చిన ఏడాదికే అవి నోటికి రావడం మానేస్తాయి, కాబట్టి సెలవులకు వెళ్ళినప్పుడు ఇంట్లోవాళ్ళను అడిగి రాసుకోండి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వచ్చింది. 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత సంపుటం అచ్చయ్యాయి. లైబ్రరీలో అడిగి ఒక మధ్యాహ్నం వాటితో గడపండి. ఒకే పనిముట్టును ఒక జిల్లాలో ఒకలా, పక్క జిల్లాలో ఇంకోలా పిలవడం చూస్తే, కథలో “ఒక పనిముట్టు” అని రాసి సరిపెట్టుకోబుద్ధి కాదు. అర్థం సరిచూసుకోవాలంటే ఆంధ్రభారతి సైటులో పదం కొట్టండి, బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం లాంటివి ఒకేచోట కనిపిస్తాయి.

చదివే తీరు మార్చండి

సిలబస్ కోసం చదివేటప్పుడు వస్తువు, పాత్రచిత్రణ, శైలి అని హెడ్డింగులు పెట్టుకుంటాం. పరీక్షకు అది పనికొస్తుంది, రాయడానికి పనికిరాదు. రాయడం కోసం ఎనిమిది, పది పేజీల కథ ఒకటి తీసుకుని మూడుసార్లు చదవండి. మొదటిసారి మామూలు పాఠకుల్లా. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, సన్నివేశం కళ్ళముందు జరుగుతున్నచోట ఒక గీత, రచయిత గబగబా చెప్పుకుపోయినచోట రెండు గీతలు పెట్టండి. పదేళ్ళ కాలాన్ని ఒక్క వాక్యంలో దాటించి, పది నిమిషాల మాటలకు మూడు పేజీలు ఎందుకిచ్చారో అప్పుడు కనిపిస్తుంది. మూడోసారి, ఈ కథలో ఎవరికి ఏ సంగతి ఎప్పుడు తెలిసిందో రాసుకోండి. ఆ తర్వాత మొదటి రెండు పేజీలు చేత్తో ఎత్తి రాయండి. కళ్ళతో చదివినప్పుడు జారిపోయిన వాక్యాలు చేతికి తగులుతాయి. వాక్యం ఎక్కడ తెగిందో, క్రియ ఎక్కడ పడిందో చేయి గుర్తుపెట్టుకుంటుంది.

కథలు ఎక్కడ దొరుకుతాయన్న బెంగ అక్కర్లేదు. కథకులు కాళీపట్నం రామారావు మాస్టారు శ్రీకాకుళంలో 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా ఒకచోట చేర్చాలని మొదలుపెట్టిన గ్రంథాలయం అది. వేలాది కథల స్కాన్లు ఇప్పుడు దాని వెబ్‌సైటులోనే చదువుకోవచ్చు. 1990 నుంచి కథాసాహితి వాళ్ళు ఏటేటా వేస్తున్న ‘కథ’ సంకలనాలు కూడా తెచ్చుకోండి. పదేళ్ళకొక సంకలనం చొప్పున పక్కపక్కన పెట్టి చదివితే, కథ చెప్పే పద్ధతి ఎలా మారుతూ వచ్చిందో ఏ పాఠమూ చెప్పలేనంత స్పష్టంగా తెలుస్తుంది.

వీలైతే పాత పత్రికలు కూడా చూడండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. కోస్తావాళ్ళకు రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం ఉన్నాయి. సంకలనంలో కథ ఒంటరిగా ఉంటుంది. పత్రికలో అదే కథ చుట్టూ ఆనాటి ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు, పక్క పేజీలో ఇంకెవరిదో పద్యం ఉంటాయి. ఆ రచయిత ఎవరితో మాట్లాడుతూ రాశాడో అక్కడే తెలుస్తుంది.

వచనం: చెప్పేసినచోట ఆగి చూపించండి

విద్యార్థుల మొదటి కథల్లో తల్లి ఉండని కథ అరుదు. అది మంచిదే, బాగా తెలిసిన మనిషి గురించి రాయడం కంటే మంచి మొదలు లేదు. అయితే ఆ తల్లి సాధారణంగా ఇలా వస్తుంది:

“అమ్మ రెక్కలు ముక్కలు చేసుకుని మమ్మల్ని పెంచింది. ఆమె చేసిన త్యాగం మాటల్లో చెప్పలేనిది.”

ఈ రెండు వాక్యాలు ఏ అమ్మకైనా సరిపోతాయి. అంటే ఇందులో మీ అమ్మ లేదు. ఆమె బీడీలు చేసే మనిషి అనుకుందాం, ఊరు జగిత్యాల దగ్గర అనుకుందాం. ఇప్పుడు ఇలా రాయొచ్చు:

“పొద్దున చాట ఒళ్ళో పెట్టుకుంటే మేం బడి నుంచి వచ్చేదాకా అమ్మ లేచేది కాదు. ఆకు తక్కువ పడితే పక్కింటి పెద్దమ్మ దగ్గర బదులు తెచ్చేది. రాత్రి అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే చేతికి తంబాకు వాసన. చెల్లి ముక్కు మూసుకుని తినేది. అమ్మ రెండో చేత్తో దాని వీపు నిమిరేది.”

త్యాగం అన్న మాట పోయింది, త్యాగం మిగిలింది. చాట, ఆకు, తంబాకు – ఈ మూడు మాటలే మనల్ని ఆ ఇంట్లోకి తీసుకెళ్ళాయి. ముక్కు మూసుకున్న చెల్లి లేకపోతే ఈ పేరా ఇంకా కాస్త మెత్తగా, నమ్మబుద్ధి కానట్టుగా ఉండేది. ప్రేమ ఉన్నచోట చిన్న విసుగు కూడా ఉంటుంది. దాన్ని దాచకండి.

మీ మొదటి కథను వెయ్యి, పదిహేను వందల మాటలకు మించనివ్వకండి. ఇద్దరు మనుషులు, ఒక చోటు, ఒక పూట చాలు. ఆ ఇద్దరిలో ఒకరికి ఏదో కావాలి, పైకి అడగలేకపోతున్నారు. తండ్రి హాస్టల్‌కు వచ్చాడు, ఫీజు డబ్బులు తేలేదు. ఆ మాట చెప్పకుండా గంటసేపు వానల గురించి, ఊళ్ళో పెళ్ళి గురించి మాట్లాడతాడు. కొడుక్కి అర్థమైంది, అయినా అడగడు. ఇలాంటిది రాయగలిగితే సంభాషణ రాయడం సగం వచ్చినట్టే. మన మొదటి చిత్తుల్లో పాత్రలు అనుకున్నదంతా అనేస్తుంటాయి. బయట మనుషులు అలా మాట్లాడరు.

యాస సంగతి తేల్చుకోవలసింది కూడా ఇక్కడే. క్యాంపస్‌లో చేరగానే చాలామంది తమ యాసను సర్దుకుంటారు. శ్రీకాకుళం పిల్ల “ఏటి” అనడం మానేస్తుంది, అనంతపురం అబ్బాయి “సంగటి” తిన్నానని చెప్పడానికి తడుముకుంటాడు. కథలోకి వచ్చేసరికి ఆ సర్దుబాటు అక్కర్లేదు. అయితే ఒక పద్ధతి ఉండాలి. కథ చెప్పే గొంతు పత్రికల భాషలో ఉండి పాత్రలు మాత్రమే యాసలో మాట్లాడతాయా, లేక కథంతా యాసలోనే నడుస్తుందా? ముందే నిర్ణయించుకోండి. ఒకే మనిషి ఒక వాక్యంలో “వచ్చిండు” అని, తర్వాతి వాక్యంలో “వచ్చాడు” అంటే చదివేవాళ్ళ నమ్మకం పోతుంది. మీది కాని యాసలో రాయాల్సి వస్తే, ఆ జిల్లా మిత్రులతో గట్టిగా చదివించి దిద్దుకోండి. సినిమాల్లో విన్న యాసను నమ్ముకోకండి.

కవిత్వం: ముందు చెవిని తయారు చేసుకోండి

“నేను వచన కవిత రాస్తాను, నాకు ఛందస్సెందుకు?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వచన కవిత రాసేవాళ్ళకే అది ఎక్కువ అవసరమని నా నమ్మకం. పద్యంలో లయ తప్పితే గణం (లెక్క ప్రకారం కూర్చిన అక్షరాల గుంపు) పట్టిస్తుంది, వచన కవితలో పట్టించేది మీ చెవి ఒక్కటే. ఆ చెవి తయారు కావాలంటే ఒక సెమిస్టర్ పాటు వారానికొక ఆటవెలది రాయండి. వేమన పద్యాలు విన్న చెవికి ఆ నడక ఎలాగూ తెలుసు.

లెక్క సులువే. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. పొట్టిగా పలికే అక్షరం లఘువు (I); దీర్ఘమైనా, సున్నా ఉన్నదైనా, ఒత్తక్షరానికి ముందున్నదైనా గురువు (U). సూర్యగణాలు రెండు: మూడు లఘువులు (న), లేదా గురువు తర్వాత లఘువు (హ). ఇంద్రగణాలు ఆరు: నగ (IIIU), నల (IIII), సల (IIUI), భ (UII), ర (UIU), త (UUI). పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి, అంటే ధ్వని పోలిక, కుదరాలి. ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం కలవడం) నియమం లేదు.

చేసి చూద్దాం. చెరువు గట్టు మీద ఒక తుమ్మచెట్టు ఉంది, దాని గురించి రాయాలి. మొదట తోచేది “ఊరి చెరువు గట్టు మీది తుమ్మచెట్టు”. విడదీస్తే ఊరి, చెరువు, గట్టు, మీది, తుమ్మ, చెట్టు – ఆరూ సూర్యగణాలే. ఒక గణం ఎక్కువ, ఇంద్రగణం ఒక్కటీ లేదు, ‘ఊ’కు ‘మీ’తో యతి కుదరదు. నాలుగో గణం ఉ, ఊ, ఒ, ఓలలో ఒక అచ్చుతో మొదలవ్వాలి, అక్కడినుంచి రెండు ఇంద్రగణాలు పడాలి. వెతగ్గా వెతగ్గా ఇలా వచ్చింది:

ఊరి చెరువు గట్టునొంటరి తుమ్మలో
కాకి గూడు కట్టె, గాలి లేచె

ఊరి (హ), చెరువు (న), గట్టు (హ), నొంటరి (భ), తుమ్మలో (ర). గట్టున, ఒంటరి కలిసి గట్టునొంటరి అయింది కాబట్టి ‘ఊ’కు ‘ఒ’తో యతి కుదిరింది. రెండో పాదంలో అయిదూ హగణాలే. ‘కా’కు ‘గా’తో యతి. ఇక్కడ గమనించాల్సింది లెక్క కాదు. చెట్టు ఒంటరిదని మనం ముందు అనుకోలేదు. యతి కోసం వెతికితే ఆ మాట దొరికింది. చెట్టు ఒంటరిదయ్యాక దానికో తోడు కావాలనిపించి కాకి వచ్చింది, గూడు కట్టాక గాలి లేచింది. నియమం అడ్డొచ్చినచోట ఊహ కొత్త దారి పడుతుంది. ఇది పుస్తకంలో చదివితే అర్థం కాదు, నాలుగు పద్యాలు పాడుచేసుకుంటే అర్థమవుతుంది. మిగతా రెండు పాదాలు మీరు పూర్తి చేయండి. గణాలు సరిపోయాయో లేదో చూసిపెట్టే ‘ఛందం’ లాంటి సాఫ్ట్‌వేర్లున్నాయి గానీ, మొదటి నెల వేళ్ళ మీదే లెక్కపెట్టండి.

ఆ తర్వాత మాత్రల (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) వైపు వెళ్ళండి. గురజాడ ముత్యాలసరంలో మూడు, నాలుగు మాత్రల నడక ఉంటుంది. చప్పట్లు కొడుతూ పది పంక్తులు పైకి చదివితే ఒంటికి పడుతుంది. ఇంతా అయ్యాక వచన కవితలోకి వస్తే, పంక్తిని ఎక్కడ విరవాలో మీకే తెలుస్తుంది.

వచన కవితలో కొత్తవాళ్ళ చిత్తు ఎక్కువగా ఇలా ఉంటుంది:

ఒంటరితనపు ఎడారిలో
నిశ్శబ్దపు తెరల వెనుక
నా హృదయపు లోతుల్లో
నీ జ్ఞాపకాల వాన

కవితలో ‘పు’తో అంటించిన జంటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఇక్కడ నాలుగు పంక్తుల్లో మూడున్నాయి. ఒంటరితనాన్ని ఎడారి అనడం సులువు, అందరూ అన్నారు. మీకు ఎప్పుడు, ఎక్కడ, ఏ పూట ఒంటరిగా అనిపించింది? అక్కడికి వెళ్ళండి:

సెలవులకు అందరూ ఊళ్ళకెళ్ళారు.
మెస్‌లో ఒక్క బల్ల మీదే లైటు.
వంటాయన నా కంచంలో
రెండో గుడ్డు వేసి
ఏమీ అనలేదు.

ఇందులో ఒంటరి అన్న మాటే లేదు. “నా కంచంలో” దగ్గర పంక్తి ఎందుకు విరిగిందో చూడండి. ఏం వేస్తాడో అన్న చిన్న ఎదురుచూపు కోసం. “రెండో గుడ్డు” విడిగా నిలబడాలి, ఎందుకంటే కవితంతా ఆ రెండో గుడ్డులోనే ఉంది.

ఇక ఆ నలుగురినీ పోగుచేయండి

అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సిన పని ఇది. క్యాంపస్ సాహిత్య సమావేశాలంటే సాధారణంగా వేదిక, మైకు, అధ్యక్షులు, ఒకరి తర్వాత ఒకరు కవితలు చదవడం, చప్పట్లు. అవి ఉండనివ్వండి. ఉగాది కవిసమ్మేళనంలో చదివితే నలుగురిలో నిలబడే ధైర్యం వస్తుంది. కానీ అక్కడ రాత మెరుగుపడదు, ఎందుకంటే విన్నవాళ్ళెవరూ కాగితం చూడలేదు. మనకు కావలసింది కాగితం చుట్టూ కూర్చునే గుంపు.

అయిదుగురు నుంచి ఏడుగురు దాకా ఉండాలి. అంతకు మించితే మాట్లాడేది ముగ్గురే అవుతారు. అందరూ తెలుగు శాఖవాళ్ళే కాకుండా చూసుకోండి. సోషియాలజీ చదివే అమ్మాయి మీ కథలో పెళ్ళి ఖర్చుల లెక్క తప్పని చెబుతుంది, అగ్రికల్చర్ చదివే అబ్బాయి మీ రైతు ఆ నెలలో ఆ పంట వేయడని చెబుతాడు. కనీసం ఇద్దరు వేరే ప్రాంతంవాళ్ళు ఉండాలి. అమ్మాయిలకు హాస్టల్‌కు చేరాల్సిన టైముంటుంది, కాబట్టి రాత్రి పూట పెట్టి వాళ్ళను దూరం చేసుకోకండి. శనివారం మధ్యాహ్నం, ఖాళీ క్లాస్‌రూమ్, రెండు గంటలు – ఇంతే చాలు. శాఖాధిపతిని అడిగితే గది ఇస్తారు.

వారానికి ఇద్దరి రచనలు మాత్రమే. రెండు రోజుల ముందే జిరాక్స్ కాపీలు అందరికీ చేరాలి. అక్కడికక్కడ విని చెప్పే అభిప్రాయం గొంతు మీద చెప్పేది, రాత మీద కాదు. ప్రతి ఒక్కరూ పెన్సిల్‌తో గుర్తులు పెట్టి తేవాలి: మనసు నిలిచినచోట ఒక గీత, అర్థం కానిచోట ప్రశ్న గుర్తు, విసుగు పుట్టి కన్ను జారినచోట అడ్డగీత. ఈ మూడో గుర్తు పెట్టడానికి అందరూ మొహమాటపడతారు. రాసినవాళ్ళకు ఎక్కువ పనికొచ్చేది అదే.

కూర్చున్నాక రాసినవాళ్ళు ఒక పేరా పైకి చదివి, ఆపై అరగంట నోరు విప్పకూడదు. అయోవా తరహా వర్క్‌షాపుల్లో పాటించే నియమం ఇది, మన దగ్గరా పనిచేస్తుంది. ఎందుకంటే పత్రికలో కథ చదివే పాఠకుడి పక్కన కూర్చుని “నా ఉద్దేశం అది కాదండీ” అని చెప్పడానికి మీరు వెళ్ళలేరు. మొదటి రౌండులో ఒక్కొక్కరు ఈ కథలో ఏం జరిగిందని తమకు అర్థమైందో మాత్రమే చెప్పాలి. బాగుంది, బాగాలేదు అన్న మాట రాకూడదు. అయిదుగురు అయిదు రకాలుగా చెబితే, ఎక్కడ మసక ఉందో అప్పుడే తేలిపోతుంది. రెండో రౌండులో గుర్తులు పెట్టినచోట్ల గురించి మాట్లాడాలి, పేజీ, వాక్యం చూపించి. చివరి పది నిమిషాలు రాసినవాళ్ళవి. వాదించడానికి కాదు, అడగడానికి: “తండ్రి అబద్ధం చెబుతున్నాడని మీకు ఎక్కడ తెలిసింది?” లాంటి ప్రశ్నలు.

“అదిరింది”, “గుండె తడి చేశావు” లాంటి మాటలు వాట్సాప్‌కు వదిలేయండి. ఇంకో పక్క, కథను వదిలేసి రాసినవాళ్ళ కులం మీద, పార్టీ మీద, ఇంటి సంగతుల మీద మాట వెళితే అప్పుడే ఆపాలి. మన క్యాంపస్‌లలో సాహిత్య చర్చ ఎంత తొందరగా అటు మళ్ళుతుందో తెలిసిందే. రాజకీయం మాట్లాడొద్దని కాదు. కథలో రాజకీయం ఉంటే తప్పకుండా మాట్లాడాలి, కానీ కాగితం మీద ఉన్న వాక్యం నుంచే మొదలవ్వాలి. అక్కడ విన్న ఇంటి కథలు గది దాటకూడదన్న మాట మొదటి రోజే అందరూ ఇచ్చిపుచ్చుకోండి. ఈ భరోసా ఉంటేనే మనుషులు అసలైనది రాస్తారు.

ఇతరుల చిత్తులు చదవడం వల్ల మీకు వచ్చేది, మీ చిత్తు చదివించుకోవడం వల్ల వచ్చేదానికంటే తక్కువేం కాదు. ఎదుటివాళ్ళ కథలో సాగదీత పట్టుకున్న కన్నే నెల తిరిగేసరికి మీ కథలోనూ పట్టుకుంటుంది.

తిరగరాయడం

గుంపులో కథ చర్చకు వచ్చిన రోజు రాత్రి దాన్ని ముట్టుకోకండి. చెప్పినవన్నీ రాసుకుని వారం ఆగండి. ముగ్గురు ఒకేచోట తడబడితే ఆ చోటు మార్చాల్సిందే. వాళ్ళు చెప్పిన మందు తప్పు కావచ్చు, చూపించిన నొప్పి మాత్రం నిజం. ఒక్కరే అన్నదాన్ని ఆలోచించి వదిలేయవచ్చు.

తిరగరాసేటప్పుడు పాత ఫైలు తెరిచి మాటలు మార్చుకుంటూ పోవద్దు. కొత్త కాగితం మీద మొదటి నుంచి రాయండి. ‘కన్యాశుల్కం’ 1897లో మొదట అచ్చయింది. గురజాడ దాన్ని అక్కడితో వదల్లేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. ఈనాడు మనం చదివేది, ఆడేది ఆ రెండోదే. రెండు కూర్పులూ అచ్చులో దొరుకుతాయి. ఒకే సన్నివేశాన్ని రెంటిలోనూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. తిరగరాయడమంటే అచ్చుతప్పులు దిద్దడం కాదని అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు.

కొన్ని చిన్న పనులు. మొదటి పేరా తీసేసి రెండో పేరాతో కథ మొదలవుతుందేమో చూడండి, చాలాసార్లు మొదలవుతుంది. చివరి పేరాలో కథ అర్థం మీరే విప్పి చెబుతుంటే అది కొట్టేయండి. వరుసగా నాలుగు వాక్యాలు ఒకే రకం క్రియతో ముగుస్తున్నాయేమో పైకి చదివి పట్టుకోండి. తెలుగులో క్రియ వాక్యం చివర పడుతుంది కాబట్టి “చేశాడు, వెళ్ళాడు, చూశాడు, అన్నాడు” అని గంట కొట్టినట్టు వినిపిస్తుంది. కొన్నింటిని కలపండి, కొన్నింటిని క్రియ లేకుండా వదిలేయండి.

మాస్టార్లను ఎలా అడగాలి

పది కవితల ఫైలు చేతిలో పెట్టి “చూడండి సార్” అంటే వాళ్ళకు కుదరదు. ఒకటే కథ, తిరగరాశాక, ఒక ప్రశ్నతో ఇవ్వండి: “మేడమ్, ఇందులో రెండో సన్నివేశం అవసరమా?” రెండు వారాల తర్వాత ఒకసారి గుర్తుచేయండి. జానపద సాహిత్యం చెప్పే మాస్టారు ఉంటే ఫీల్డ్‌వర్క్‌కు వెంట వెళ్ళండి. రికార్డు చేసిన మాటలను అక్షరం పోకుండా రాసే పని మీదే వేసుకోండి. మనుషులు ఎలా ఆగి, ఎలా మళ్ళీ అందుకుని మాట్లాడతారో దానికి మించిన పాఠం లేదు.

పత్రికలకు పంపడం

మొదటి ఏడాది పంపకపోతే నష్టం లేదు. పంపేటప్పుడు మాత్రం పద్ధతిగా పంపండి. యూనికోడ్‌లో టైపు చేయండి. కథతోపాటు హామీ పత్రం జత చేయాలి: ఇది నా సొంత రచన, దేనికీ అనుసరణగానీ అనువాదంగానీ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు అని. ఒకే కథను ఒకేసారి రెండు పత్రికలకు పంపితే మాట పోతుంది. ఫేస్‌బుక్‌లో పెట్టినదాన్ని కూడా చాలా పత్రికలు ప్రచురితమైనట్టే లెక్కిస్తాయి, కాబట్టి పంపదలచిన కవితను ముందే అక్కడ పెట్టి పాడుచేసుకోకండి.

అచ్చు పత్రికలతోపాటు వెబ్ పత్రికలనూ చూడండి. అమెరికాలోని తెలుగువాళ్ళు మొదలుపెట్టిన ‘ఈమాట’ 1998 నుంచి వస్తోంది. ఏ పత్రికకైనా పంపేముందు దాని సంచికలు కనీసం రెండు మూడు చదవండి. సంక్రాంతికి, ఉగాదికి కథల పోటీలుంటాయి. గడువు దొరుకుతుంది కాబట్టి వాటికి రాయడం మంచిదే, కానీ పోటీ కోసం పండగ కథ అల్లకండి. “మీ కవిత మా సంకలనానికి ఎంపికైంది, ఇన్ని కాపీలు కొనాలి, శాలువా కప్పుతాం” అని ఫోన్ వస్తే మర్యాదగా వద్దనండి. మీ కవితకు మీరే డబ్బు కట్టి అచ్చు వేయించుకుంటే మీరేం నేర్చుకోరు, మీ మెస్ బిల్లు మాత్రం బాకీ పడుతుంది.

తిప్పి పంపితే బాధ ఉంటుంది. చాలా పత్రికలు జవాబు కూడా ఇవ్వవు. మూడు నెలలు చూసి, ఒక ఉత్తరం రాసి, ఆ కథను మళ్ళీ శనివారం గుంపులో పెట్టండి.

చివరి సెమిస్టర్‌లో

పరీక్షల టెన్షన్ మొదలవకముందే రెండు పనులు చేయండి. మీరు రాసిన అన్నిటిలోంచి మూడు కథలు, పది కవితలు ఏరి, ఆఖరిసారి తిరగరాసి ఒక ఫైలుగా కట్టి పెట్టుకోండి. మిగతావి పారేయకండి, వేరే ఫైలులో ఉంచండి. సాహిత్య అకాడమీ 2011 నుంచి ముప్పై అయిదేళ్ళ లోపు రచయితల పుస్తకాలకు యువ పురస్కారం ఇస్తోంది, కాబట్టి మొదటి పుస్తకానికి తొందరేమీ లేదు. పాతికేళ్ళకే వేయాల్సిన పని లేదు.

రెండోది, గుంపును క్యాంపస్ దాటించడం. ఒకరు బెంగళూరు, ఒకరు కర్నూలు, ఒకరు డల్లాస్ వెళతారు. నెలకొక ఆదివారం, ఒక వీడియో కాల్, ఒక్కరి రచన, రెండు రోజుల ముందు ఈమెయిల్ అని ముందే రాసుకుని, మొదటి ఆరు నెలలకు ఎవరి వంతు ఎప్పుడో తేదీలతో సహా వేసుకోండి. అదే సమయంలో కింది తరగతి నుంచి ఇద్దర్ని శనివారం గదిలోకి పిలిచి, తాళంచెవి ఎవరిని అడగాలో, జిరాక్స్ ఖర్చు ఎలా పంచుకోవాలో, రాసినవాళ్ళను అరగంట మాట్లాడనివ్వకుండా ఎలా ఆపాలో వాళ్ళకు చూపించండి.